నాలీ పక్క వేపచెట్లు

మా బావ చెరుకురసం బండి పెట్టుకున్న రోడ్డు మీదే మా ఆయనకు నాలీ పని, అంటే మురుగుకాలువ తవ్వే పని, దొరికిందని తెలిసిన రోజు మా అత్త సంగవ్వ కొబ్బరికాయ కొట్టించింది. ఇద్దరు కొడుకులూ ఒక్కచోటే ఉంటారు, మధ్యాహ్నం ఒక్క డబ్బాలోనే ఇద్దరికీ అన్నం పోతుంది అని ఆమె సంతోషం.

మాది తెలంగాణ సరిహద్దు దగ్గరి కర్ఖేలి. అక్కడ మాకు గుంట భూమి కూడా లేదు. నాందేడ్‌లో రెండు గదుల రేకుల ఇల్లు. ఒక గదిలో బావ మారయ్య, ఆయన భార్య పార్వతీబాయి, వాళ్ల బిడ్డ ప్రాజక్త. ఇంకో గదిలో నేనూ మా ఆయన దేవన్నా. అత్త మంచం వసారాలో. పొయ్యి మాత్రం ఒక్కటే. పార్వతీబాయిని నేను అక్కా అనే పిలిచేదాన్ని. మాకు పిల్లలు లేరు. ప్రాజక్త ఏ గదిలో నిద్ర వస్తే ఆ గదిలో పడుకునేది.

మా ఆయన మట్టిపని మేస్త్రీ. ఊరి నుంచి వచ్చినవాళ్లను కూడగట్టి, గుత్తేదారు యోగేశ్‌శేఠ్ దగ్గర పని పట్టేవాడు. నేను ఆ గుంపులోనే తట్ట మోసేదాన్ని.

ఆ రోడ్డు ఆడపిల్లల బడి ముందు నుంచి పోతుంది. బడి గోడ పొడవునా ఏడు వేపచెట్లు. నడిమి చెట్టుకూ గోడకూ మధ్య నీడలో బావ బండి. గానుగకు గజ్జెలు కట్టి ఉండేవి. చెరుకు పెట్టి తిప్పితే రోడ్డు అవతలికి మోత వినిపించేది. మే నెల, బడికి సెలవులు. పొద్దున పదింటికే గాలి మొహం కాల్చేది. రసం తాగడానికి ఆగినవాళ్లు గ్లాసు ఖాళీ అయినా ఆ నీడ వదిలి కదిలేవాళ్లు కాదు.

నాలీ కోసం మున్సిపల్ ఆఫీసువాళ్లు సున్నంతో గీసిన గీత రోడ్డు వైపున చెట్ల మొదళ్లకు మూరెడు దూరంలో పోయింది. మొదటి చెట్టు దగ్గర గడ్డపార దింపగానే వేరు తగిలింది. ఆ పక్కన ఇంకోటి. మావాళ్లు గొడ్డళ్లు తెచ్చేలోపు స్కూటీ మీద ఒకమ్మాయి వచ్చి ఆగింది. తోటల శాఖలో కొత్తగా తాత్కాలిక ఉద్యోగంలో చేరిందట. పేరు ప్రజ్ఞ. చెప్పులు విప్పి గుంతలోకి దిగి వేర్లను చేత్తో తడిమి చూసింది.

"గీత గిట్లనే గీసిండ్రు మేడం. నేనేం జేయాలె?" అన్నాడు మా ఆయన మరాఠీలో. ఆ మాట ఆయన తెలుగులో అన్నట్టే నాకు గుర్తుంది.

ఆమె కోప్పడలేదు. గుంతలోనే కూర్చొని చెప్పింది. చిటికెన వేలంత వేర్లు కోస్తే చెట్టుకు ఏమీ కాదు, కాకపోతే గొడ్డలితో చీల్చకుండా రంపంతో నున్నగా కోయాలి. మణికట్టు కన్నా లావున్నవి చెట్టును నిలబెట్టేవి, వాటిని ముట్టొద్దు, వాటి కింద నుంచి తవ్వి పైపు దూర్చాలి. తప్పదనుకుంటే ముందు పైన కొమ్మలు తేలిక చేయాలి, అప్పుడైనా అన్నీ ఒకే ఏడాది కోయకూడదు. కోసిన చోట తడిగోనె కప్పి ఆ రోజే మట్టి పూడ్చాలి.

మొదటి రెండు చెట్లకు మావాళ్లు అట్లాగే చేశారు. మా ఆయన బోర్లా పడుకొని వేర్ల కింద మట్టిని చేత్తో తోడేవాడు. నేను గోనెలు తడిపి అందించేదాన్ని. ఆయన ఒళ్లంతా మట్టి, జుట్టులో మట్టి.

"అన్నా, చెట్టు కింద బొగ్దా తవ్వుతున్న సూడు! రైలు గూడ పోతది దీంట్ల కెల్లి!" అని బావను కేకేసి ఆ సొరంగం చూపించాడు. బావ గానుగ ఆపి వచ్చి, వంగి చూసి నవ్వాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో మా ఆయన ఒక పనిని అంత ఇష్టంగా చేయడం నేను చూడలేదు.

యోగేశ్‌శేఠ్ కారు దిగి రెండు చెట్లనూ చూశాడు. మిగతా ఐదింటినీ చూశాడు.

"వానలు పడితే గుంతలన్నీ చెరువులైతయి. రేపు జేసీబీ పంపుతున్న. నీతోని కాకుంటే ఇప్పుడే చెప్పు దేవన్నా, హింగోలి గుంపు తయారుగ ఉంది" అన్నాడు.

మా ఆయన వెనక్కి తిరిగి మావాళ్లను చూశాడు. కర్ఖేలి నుంచి పిల్లాజెల్లాతో వచ్చినవాళ్లు. ఆయన శేఠ్‌కు తల ఊపాడు.

మరునాడు జేసీబీ వచ్చింది. ప్రజ్ఞ మేడం కూడా వచ్చి దాని తొట్టికి ఎదురుగా నిలబడి ఆఫీసుకు ఫోన్ చేసింది. అవతల ఎవరో చాలాసేపు మాట్లాడారు. ఆమె "సర్, సర్" అంటూ విని, ఫోన్ సంచిలో వేసుకొని పక్కకు జరిగింది. తర్వాత ఆమెను నది అవతలి తోటలకు పంపారని విన్నాం.

జేసీబీ పళ్లకు వేర్లు తెగలేదు, చీలిపోయాయి. మిగిలిన మొండాలను మావాళ్లు గొడ్డళ్లతో కొట్టారు. నడిమి చెట్టు మొదట్లో తొడంత లావు వేరు ఒకటి గీతకు అడ్డంగా ఉంది. తొట్టి అక్కడికి అందలేదు. దిగమంటే గుంపులో ఎవరూ దిగలేదు. మా ఆయనే దిగాడు. ఆ వేరు తెగేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది.

పైకి వచ్చాక బావ రసం గ్లాసు అందించాడు.

"అన్నా, మిరుగం కార్తె గాలి రాకముందే బండి తియ్యి. పెద్ద వేరు పోయింది" అన్నాడు మా ఆయన.

"తీసి ఏడ పెట్టాలె? ఎండలనా? గింత వేరు పోతె గంత చెట్టు పోతదారా?"

"మేడం చెప్పింది గద."

"మేడం ఒకటి చెప్పింది, శేఠ్ ఒకటి చెప్పిండు. నువ్వు ఎవరి మాట విన్నవ్?" బావ దెప్పిపొడిచే మనిషి కాదు, నవ్వుతూనే అన్నాడు. "తాగు. ఐసు కరిగిపోతది."

తెగిన వేర్ల ముక్కలను సాయంత్రాలు తట్టలో ఇంటికి తెచ్చేవాళ్లం. గ్యాసు మిగులుతుందని అక్క వాటిని వసారా పక్కన ఎండబెట్టి పేర్చింది. ఆ నెలంతా మేం వాటి మీదే వండుకున్నాం. పొగ చేదుగా వచ్చేది.

నాలీ పూర్తయింది. పైన సిమెంటు బిళ్లలు పరిచారు. రోడ్డు మీద పోయేవాళ్లకు చెట్లు ఎప్పటిలాగే కనిపించేవి. మా ఆయనకు మాత్రం అట్లా కనిపించలేదు. రోడ్డు వైపు కొమ్మల్లో ఆకు పాలిపోతోందని మే చివర్లో ఒకరోజు నాకు చూపించాడు. శేఠ్ దగ్గరికి పోయి కొమ్మలు తేలిక చేయించమని అడిగాడు. అది తోటలవాళ్ల పని అన్నాడు శేఠ్. తోటల శాఖకు పోతే మేడం లేదు. అర్జీ పెట్టి పొమ్మన్నారు.

ఒక ఆదివారం పొద్దున మా ఆయన గొడ్డలి తీసుకొని తానే నడిమి చెట్టు ఎక్కాడు. నేను కింద తాడు పట్టుకున్నాను. ఒక కొమ్మ కొట్టాడో లేదో జనం మూగారు. పచ్చని చెట్టును నరుకుతున్నాడని ఒకాయన ఫోన్‌లో వీడియో తీశాడు. పోలీసులను పిలుస్తామని ఇద్దరు కేకలేశారు. వేర్లు నరికిన అన్ని రోజులూ ఆ దారినే పోయినవాళ్లు వాళ్లు. అప్పుడు ఒక్కరూ ఆగలేదు.

బావ కూడా బండి దగ్గర నుంచి పైకి చూసి అరిచాడు. "దిగురా దేవన్నా! ఉన్న నీడ గూడ పోగొడ్తవా?"

మా ఆయన దిగాడు.

జూన్ మొదట్లో ఒక మధ్యాహ్నం ఆకాశం ఒక్కసారిగా ఎర్రబడింది. నేనూ అక్కా ఇంట్లో ఉన్నాం. వానకు ముందు గాలి వచ్చింది. రేకులు లేచి పడుతున్నాయి. అక్క బట్టలు తీస్తూ, "మీ బావ బండికి పట్టా కట్టిండో లేదో" అంది. కాసేపటికి మా గుంపులోని భీమ్‌రావు మోటార్‌సైకిల్ మీద వచ్చి గుమ్మం ముందు ఆగాడు. దిగలేదు. అక్క చేతిలోని బట్టలు కింద పెట్టి, ఆయన వెనకాల ఎక్కి కూర్చుంది. నేను పరుగెత్తాను.

నడిమి చెట్టు బడి గోడ మీద పడి ఉంది. ఎక్కడా విరగలేదు. నిలువునా, వేర్ల దగ్గర నుంచి ఒరిగిపోయింది. బావ బండి మీది టార్పాలిన్ పట్టా తాడు కడుతున్నప్పుడు పడిందట. రసం తాగుతున్న ఇద్దరు పిల్లలు రోడ్డు వైపు దూకి బతికారు. కొమ్మల కింద నుంచి బావను తీసేసరికి అంతా అయిపోయింది. అక్క ఆయన తల ఒళ్లో పెట్టుకొని మొహం మీది మట్టిని కొంగుతో తుడుస్తోంది. ఎంత తుడిచినా మట్టి పోవడమే లేదు.

మా ఆయన అక్కడ లేడు. చెట్టు మొదలు దగ్గర నిలబడి ఉన్నాడు. లేచిన మట్టిదిమ్మకు గోడ వైపున వేర్లు పొడవుగా వేలాడుతున్నాయి. రోడ్డు వైపున గోడలాగా నిటారుగా ఉంది. అక్కడ వేర్లు లేవు, నల్లబడిన గొడ్డలి గాట్లు ఉన్నాయి. నేను ఆ గాట్లను చూశాను. నేను చూడటం మా ఆయన చూశాడు. అప్పుడు వాన మొదలైంది.

గాలివానకు చెట్టు కూలింది అని అందరూ అన్నారు. ఆఫీసువాళ్లు అన్నారు, పేపర్లో అదే వచ్చింది. పోలీసులు వచ్చి చూసేలోపే మొదలును ముక్కలుగా కోసి ట్రాక్టర్‌లో తీసుకుపోయారు.

దినాలు కాకముందే యోగేశ్‌శేఠ్ ఇంటికి వచ్చాడు. అత్త మంచం మీద ఓ పక్కగా కూర్చొని, అంతా దేవుడి నిర్ణయం అన్నాడు. ఎవరడిగినా గాలి అనే చెప్పండి, సర్కారు సాయం వస్తుంది, లేకపోతే ఆగిపోతుంది అన్నాడు. అక్క గోడకు ఆనుకొని వింది. పోయేటప్పుడు శేఠ్ మా ఆయనను కారు దగ్గరికి పిలిచాడు. నేను నీళ్ల బిందె కోసం బయటికి వచ్చాను కాబట్టి నాకు వినపడింది.

"గొడ్డలి నీ చేతుల ఉండె. యాది పెట్టుకో."

ఆ రోజు నుంచి మా ఆయన అన్నం ముందు కూర్చొని లేచిపోయేవాడు. నాతో ఒక్కసారి మాత్రం అన్నాడు. "ఇంకా నాలుగు చెట్లున్నయ్ వత్సలా."

నాకు అర్థమైంది. చెప్తే ఏమవుతుందో కూడా అర్థమైంది. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. చెప్పు అనీ అనలేదు, చెప్పొద్దు అనీ అనలేదు.

సెలవులు అయిపోయి బడి తెరిచారు. ప్రాజక్త చదివేది ఆ బడిలోనే. మొదటి రోజు, "గాలి ఉంది, ఇయ్యాల వద్దు" అన్నాడు మా ఆయన. రెండో రోజు గాలి లేదు. అయినా వద్దన్నాడు. తర్వాతి రోజు అక్క పిల్లను ముందు కూర్చోబెట్టుకొని జడ వేస్తోంది. బడిసంచి పక్కనే ఉంది. మా ఆయన గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"వదినె, దాన్ని తోలకు."

"ఎందుకు?"

"తోలకు, అంతే."

అక్క గొంతు పెరిగింది. "తండ్రి పోయిండు. ఇగ సదువు గూడ పోవాల్నా? ఏంది నీ లొల్లి దేవన్నా?"

మా ఆయన గుమ్మంలోనే కింద కూర్చున్నాడు. "ఆ చెట్లకు వేర్లు లేవు వదినె. రోడ్డు దిక్కువన్నీ కొట్టేసినం. అన్న మీద పడ్డదాని పెద్ద వేరు నేనే నరికిన."

వసారాలో అత్త లేచి కూర్చుంది. అక్క చేతులు ఆగలేదు. మూడు పాయలూ చివరిదాకా అల్లింది. రిబ్బను చుట్టి ముడి వేసింది. ముడిని ఒకసారి గట్టిగా లాగి చూసుకుంది.

"అన్నిటికీనా?" అంది.

"ముందటి రెండు మంచిగున్నయి. మిగిలిన నాలుగిటికి లేవు."

"మరి ఆ దారిన పోయేది మన పిల్ల ఒక్కతేనా?"

అక్క ప్రాజక్త సంచి తీసి మేకుకు తగిలించింది. తర్వాత చెప్పులు వేసుకుంది.

అత్త వసారాలో నుంచి దిగి వచ్చి అక్క కాళ్లకు అడ్డం పడింది. "ఓ పార్వతీ, ఒక కొడుకును మట్టిల పెట్టిన. ఉన్న ఒక్కన్ని జైల్ల పెట్టకు. గాలి అను. నీకు దండం పెడ్త, గాలి అను!"

"నేనేం అంటలేను అత్తా. ఆయనే చెప్తడు" అంది అక్క. ఆమెను లేపి మంచం మీద కూర్చోబెట్టి బయటికి నడిచింది. మా ఆయన వెనకాల, నేను ఆయన వెనకాల.

మున్సిపల్ ఆఫీసులో సాహెబు మా ఆయన మాట మొత్తం వినకుండానే తలుపు వేయించాడు. "నువ్వు చెప్తున్నది నీ మీదికే వస్తుంది, తెలుసా?" అని అడిగాడు. తెలుసు అన్నాడు మా ఆయన. ఇంటికి పోయి ఆలోచించుకో అన్నాడు సాహెబు. అప్పుడు అక్క కుర్చీ మీద కాకుండా ఆయన బల్ల ముందు నేల మీద కూర్చుంది.

"బడి ముంగట దారి మూసేదాక నేను లేవను" అంది, తెలుగులో. ఆయనకు తెలుగు వచ్చో రాకో, అర్థమైంది.

సాయంత్రానికి ఆ రోడ్డుకు అడ్డంగా తాళ్లు కట్టారు. బడి వెనక గేటు తెరిచారు. నది అవతల నుంచి ప్రజ్ఞ మేడంను పిలిపించారు. సిమెంటు బిళ్లలు లేపించి, నాలుగు చెట్ల మొదళ్లూ తవ్వించి చూసింది. రెండింటిని ఉంచే దారి లేదంది. వాటిని పై నుంచి కొద్దికొద్దిగా కోసి దించారు. మిగతా రెండింటికి కొమ్మలు సగం తీసి, ఇనుప తీగలతో బిగించి, మొదళ్ల చుట్టూ మట్టి నింపారు. బతుకుతాయో లేదో రెండు వానాకాలాలు చూడాలి అంది. మొదటి రెండు చెట్ల దగ్గర ఆగి, మా ఆయన ఏడని నన్ను అడిగింది. పోలీస్ స్టేషన్‌లో ఉన్నాడని చెప్పాను. ఆమె స్కూటీ దాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి వెళ్లింది.

యోగేశ్‌శేఠ్ పోలీసులకు చెప్పింది చిన్నమాట. వేర్లు కోయమని తాను ఎన్నడూ అనలేదు, మేస్త్రీ పని త్వరగా తెమలాలని సొంతంగా చేశాడు. జేసీబీ ఎవరు పంపారు అని ఎవరూ అడగలేదు. మా గుంపువాళ్లు సాక్ష్యానికి రాలేదు. నాకు వాళ్ల మీద కోపం లేదు. వాళ్లు అప్పటికే హింగోలి గుంపులో చేరిపోయారు.

మా ఆయన జైల్లో ఉన్నంతకాలం ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లం, ఒక పిల్ల. అత్త అక్కతో మాట్లాడటం మానేసింది. అక్క వండిన కూర ముట్టేది కాదు. అక్క ఆ మిగిలిన వేర్ల ముక్కలను ఒకరోజు మొత్తం మోసుకుపోయి చెత్తకుండీలో వేసి వచ్చింది.

జామీను వస్తుందని వకీలు చెప్పిన రోజు అక్క గిన్నెలు సర్దుకుంది. ముఖేడ్‌లో ఆమె తమ్ముడు మార్కెట్‌లో పని చేస్తాడు. అక్కడే ప్రాజక్తను బడిలో వేస్తానంది.

"ఆయన అచ్చేదాకన్న ఉండు అక్కా. ఆయన ఏమనుకుంటడు?" అన్నాను.

అక్క సంచి జిప్పు పెట్టలేక తంటాలు పడుతోంది. అది ఎక్కడో ఇరుక్కుంది.

"కోపంతోని పోతలేనని చెప్పు. నిజం చెప్పిండు, నాకు ఎరుకే. కానీ ఆ చేతులు ముంగట ఉంటె నాకు అన్నం దిగది వత్సలా. పెండ్లై అచ్చినప్పటి సంది నేను వడ్డిస్తె తిన్న చేతులు గవి. నేనేం జెయ్యాలె?"

నేను జిప్పు సరిచేసి ఇచ్చాను. ఒకరినొకరం పట్టుకొని ఏడ్చాం. ప్రాజక్త ఏడవలేదు. నా గదిలోకి పోయి, తాను పడుకునే దుప్పటి మడత పెట్టి వచ్చింది.

మా ఆయన ఇంటికి వచ్చాడు. మనిషి సగం అయ్యాడు. "వదినె ఏది?" అని అడిగాడు. ఆమె చెప్పమన్న మాట చెప్పాను. ఒక్కటీ తగ్గించలేదు. ఆయన తన చేతుల వైపు చూసుకొని, "ఏం తప్పు చెప్పింది?" అన్నాడు. కేసు నడుస్తూనే ఉంది. మట్టిపని మళ్లీ పట్టలేదు, పత్తి మార్కెట్‌లో మూటలు మోస్తున్నాడు. అత్త ఆయనను దగ్గర కూర్చోబెట్టుకొని తల నిమురుతుంది, నిమురుతూ పెద్దకొడుకును తలచుకొని ఏడుస్తుంది. ఆయన కదలకుండా కూర్చుంటాడు.

ఎద్దుల పండుగ పోలా దగ్గరికొచ్చిన ఒక సాయంత్రం ఆయన ఫోన్ మోగింది. అక్క నంబరు. ఆయన చూసి నా చేతికి ఇవ్వబోయాడు. నేను తీసుకోలేదు, ఆయన స్పీకర్ పెట్టాడు. అవతల ప్రాజక్త గొంతు.

"కాకా, నేను."

"చెప్పు బిడ్డా."

"మా కొత్త బడి ముంగట పెద్ద చింతచెట్టుంది కాకా. పోరిలందరు దాని కిందనే కూసోని డబ్బాలు తింటరు. నేను గూడ కూసోవచ్చునా?"

మా ఆయన గోడ పట్టుకున్నాడు.

"దాని సుట్టు ఎవరన్న తవ్విండ్రా? నాలీకో, గోడకో, నల్లా పైపుకో?"

"తెల్వదు."

"మొదట్ల భూమి ఒక దిక్కు లేసినట్టుందా? పగులు గిట్ల ఉందా? ఒక దిక్కే ఆకు పండువారిందా?"

"నేను సూడలే కాకా."

"రేపు సూడు. సుట్టు తిరిగి సూడు. మాస్టర్లను అడుగు. నాకు చెప్పేదాక దాని కిందికి పోకు."

"సరే." ఆమె వెనకాల అక్క గొంతు వినిపించింది. "ఏమన్నడు?" అని అడుగుతోంది. ఫోన్ ఆగిపోయింది.

మరునాడు ఆయన మార్కెట్ నుంచి తొందరగా వచ్చేశాడు. కాళ్లు కూడా కడుక్కోకుండా గుమ్మంలో కూర్చున్నాడు. ఫోన్ మోగగానే తీశాడు.

"కాకా, సూసిన. సుట్టు అంత మట్టే ఉంది. ఎవ్వరు తవ్వలేదంట. పగుళ్లు లేవు. అమ్మ గూడ అచ్చి సూసింది."

"అమ్మ సూసిందా?"

"ఊఁ. నాలెక్కనే సుట్టు తిరిగి సూసింది. నిన్నే అడగమంది మల్ల."

మా ఆయన కళ్లు మూసుకున్నాడు.

"అట్లయితె కూసో బిడ్డా," అన్నాడు. "మంచిగ తిను."